ఒంటె మోసుకురాని మొక్కలు

ఎడారి మొక్కలు చూడడానికి రాజస్థాన్ దాకా పోనక్కరలేదు. చిత్తూరులో బస్సెక్కి నాలుగు రోజులు మన జిల్లాల్లోనే తిరిగితే చాలు. తిరిగొచ్చాను కాబట్టే చెబుతున్నాను. నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడే పుస్తకం మూసేయవచ్చు. ఎండిపోయిన నీవా ఏట్లో మొసలిని చూశాననీ, అది దాహంతో మా ఇంటిదాకా వచ్చి చెంబుడు నీళ్లు తాగిపోయిందనీ చెప్పినవాణ్ని నేనే. ఆ మొసలి లేదు. చెంబు మాత్రం ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. కింద రాసినదంతా మాత్రం ఆ చెంబు లాంటిదే.

బయల్దేరడానికి ముందు

మా అమ్మాయి లహరి తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఎడారి మొక్కలు ఎలా పుట్టాయి, ఎక్కడెక్కడికి పాకాయి అన్నది దాని ప్రాజెక్టు. రెండో శనివారం ఇంటికొచ్చినప్పుడు, అన్నం తింటూ, "నాయనా, మన పక్క ఇన్ని జెముళ్లు ఎట్లా వచ్చినాయి?" అని అడిగింది. తెలియదు అనే మాట నా నోట్లో ఎప్పుడూ పుట్టలేదు.

"చంద్రగిరి రాజుకు ఎడారి నుంచి ఒక ఒంటెను కానుకగా పంపినారు. దాని వీపు మీది గోనెకు ఒక జెముడు ముక్క గుచ్చుకొని వచ్చింది. కోట వెనకాల ఒంటె ఒళ్లు దులుపుకుంటే ముక్క రాలి పడింది. నాగజెముడు, బొంతజెముడు, కాడజెముడు అన్నీ దాని సంతానమే" అని చెప్పేశాను. పైగా ఒక రుజువు కూడా ఇచ్చాను. మనలో సంబంధం మాట్లాడేటప్పుడు ముందు అడిగేది ఇంటిపేరే. ఒకటే అయితే దాయాదులని అక్కడికక్కడే లేచి వచ్చేస్తాం. వీటన్నిటికీ ఇంటిపేరు జెముడే కదా, దాయాదులు కాక ఏమవుతాయి?

పిల్ల నమ్మి, ఒంటెతో సహా రాసేసింది. వాళ్ల బాటనీ మేడం ఆ పేజీని క్లాసులో చదివి వినిపించి, ఎర్ర సిరాతో "ఆధారం?" అని రాసి వెనక్కి ఇచ్చారట. సోమవారం ఉదయం లోగా మొక్కలు తెచ్చి చూపించి, తిరగరాసి ఇవ్వాలి. లేకపోతే ఈ ప్రాజెక్టు వచ్చే ఏడాది మళ్లీ మొదటి నుంచి చేయాలి. బుధవారం సాయంత్రం లహరి ఫోన్ చేసింది.

"నాయనా, ఆ ఒంటె నిజమేనా?"

"ఉండి ఉండొచ్చు."

"ఉండి ఉండొచ్చా? క్లాసులో అందరూ నన్నే ఒంటె అంటా ఉండారు. ఇంక నువ్వేం చెప్పినా నేను నమ్మను."

ఫోన్ పెట్టేసింది. వెక్కి ఏడ్చి ఉంటే ఏదో కథ చెప్పి నవ్వించేవాణ్ని. ఏడవలేదు. గొంతు చల్లగా ఉంది. అదే నన్ను కూర్చోనివ్వలేదు. తెల్లారి సంచిలో కత్తి, నాలుగు ప్లాస్టిక్ కవర్లు, ఒక టవలు పెట్టుకున్నాను. టవళ్లకు మా ఇంట్లో కొదవలేదు. నగరి మగ్గాల నుంచి తెచ్చి చిత్తూరు అంగళ్లకు వేయడమే నా వ్యాపారం.

"సోమవారం దాకా ఒక్క అబద్ధం ఆడను" అని నా భార్యకు చెప్పాను.

"అయితే సోమవారం దాకా నోరు తెరవ్వా?" అంది.

ఐరాల

ఊరు దాటగానే ఒక వేరుశనగ చేను, దాని చుట్టూ మనిషెత్తు జెముడు కంచె. కత్తి తీసి ఒక కొమ్మ మీద పెట్టానో లేదో, చేను మధ్య నుంచి కేక.

"యావరప్పా నువ్వు? కంచె కోస్తే రేపు ఆవులొస్తాయి. కాపలా నువ్వుంటావా?"

చేను గలామె. పేరు మునెమ్మ అని తర్వాత తెలిసింది. నాకంటే పదేళ్లు పెద్దది, చేతిలో కొడవలి. 'నేను గవర్నమెంటు జెముడు ఇన్స్పెక్టర్ని' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒంటె దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడింది.

"నా సామీ, రాజుకు ఒంటె తోలినావా! లే, సూపిస్తా రా" అంది.

కంచెలో రెండు రకాలున్నాయి. మూడు పలకలుగా లావుగా పెరిగి, అంచుల వెంట జంట ముళ్లున్నది బొంతజెముడు. ఆకు కనిపించకుండా పచ్చటి పుల్లల మోపులా ఉన్నది కాడజెముడు. రెండూ కోస్తే చిక్కటి తెల్లని పాలు కారాయి.

"కంట్లో పడనీయొద్దు. కన్ను పోతాది" అంది మునెమ్మ.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "చూసినావా అక్కా, రెండిటికీ పాలే. దాయాదులే!"

"ఈ రెండూ అయితే అయినాయిలే. నాగజెముడుకు పాలుండవు కదా. గిల్లితే నీళ్లే, బంకబంకగా."

"మూడూ ఆకుల్లేకుండా ఒకటే మాదిరి ఉంటాయి కదక్కా?"

మునెమ్మ చేలో కలుపు తీస్తున్న కూలీలను చూపించింది. ఆరుగురు, ఆరుగురి తలల మీదా టవళ్లు. "ఎండకు అందరూ తలమీద టవలే వేసుకున్నారు. అంతమాత్రాన వాళ్లంతా ఒక తల్లి బిడ్డలా? ఒకామె ఈ ఊరు, ఒకడు పలమనేరు, ఆ మూలాయన యాడోడో కూడా నాకు తెల్దు."

టవళ్లు అమ్ముకుని బతికేవాడికి ఈ ముక్క టవలుతోనే తట్టాలా?

నాగజెముడు ఎక్కడుందని అడిగితే, తన అవ్వ కాలంలో కంచెలన్నీ అదేననీ, తెల్ల బూజు లాంటిది పట్టి అంతా చచ్చిపోయిందనీ, తన చుట్టుపక్కల ఇప్పుడు లేదనీ చెప్పింది. అంటే నేను దాన్ని వెతికి పట్టుకోవాలి.

మధ్యాహ్నం వాళ్లింట్లో రాగి సంగటి పెట్టింది. అబద్ధం ఆడి ఉంటే కొడవలి చూసేవాణ్ని. నిజం చెప్పినందుకు సంగటి దొరికింది. మిద్దె మీద మట్టికుండలో ఒక బొంతజెముడు ఉంది, పిడుగు పడకుండానట. మా చిత్తూరులో గడపకు కలబందను తలకిందులుగా కడతాం, నీళ్లు లేకపోయినా అది గాల్లోనే బతికి పూత కూడా పూస్తుంది, అది దిష్టికి అన్నాను. "అయితే మీకు పిడుగు కంటే మనుషులంటేనే భయం" అంది మునెమ్మ.

సంగటిలోకి కుందేటి కొమ్ముల పచ్చడి. గుట్టల్లో రాళ్ల సందున, వేలెడు లావున నాలుగు పలకలుగా లేచే ఆకుల్లేని మొక్క ఇది. పచ్చడి చేదు చేదుగా, దాని వెనకే పుల్లగా ఉంది.

"చింతపండు బాగా వేసినట్టున్నావే."

"యాడిది? ఒక్క రెబ్బ వెయ్యలే. పొద్దున్నే కోస్తే దాంట్లోనే పులుపుంటాది. మాపటికి కోస్తే సప్పన."

వెంటనే లహరికి ఫోన్ చేశాను. విని, మెల్లిగా చెప్పింది. ఎండలో నోరు తెరిస్తే ఉన్న నీళ్లు ఆవిరైపోతాయని ఈ మొక్కలు పగలు నోరు మూసుకుంటాయట. పొద్దు పోయాక తెరిచి గాలి పీల్చి, దాన్ని పులుపుగా మార్చి దాచుకుంటాయట. తెల్లారాక ఎండ వస్తే ఆ పులుపును వాడుకుంటాయట. అందుకే పొద్దున పులుపు, సాయంత్రానికి చప్ప.

"నాయనా, ఈ పచ్చడి నువ్వు చెప్పింది కాదు కదా?"

"మునెమ్మ చెప్పింది."

"ఆమెకియ్యి ఫోను."

ఇచ్చాను. ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. మునెమ్మ ఫోన్ తిరిగిస్తూ, "రాసుకుంటుందంట. నువ్వు చెప్పుంటే రాసుకోదంట" అంది. ఆ పచ్చడిలో చేదు అప్పుడు తెలిసింది.

చంద్రగిరి

శుక్రవారం కోట చూడడానికి వచ్చినవాళ్లంతా రాజమహల్ వైపు నడుస్తుంటే, నేను దాని వెనక గుట్టకు మళ్లాను. మాది ఎడారి కాదు, వాన పడుతుంది. కానీ ఈ బండల మీద పడిన వాన చెప్పులేసుకునే లోపే జారిపోతుంది. బండ మీద బతికే మొక్కకు అది ఎడారే.

మేకలు కాచుకునే చెంగల్రాయుడు ఒక రాతి నీడన కూర్చుని ఉన్నాడు. పక్కన చతికిలబడ్డాను.

"ఈ గుట్ట మీద ఎప్పుడన్నా ఒంటె ఉండిందా అప్పా?"

"ఒంటెనా? సర్కస్ వచ్చినప్పుడు తిరప్తిలో సూసినా. ఈడ మేకలకే కాలు నిలవదు, అదేం జేస్తాది?"

నా రాజ్యం అలా కూలింది.

కుందేటి కొమ్ములు కావాలంటే రెండు బండల మధ్యకు తీసుకెళ్లాడు. అక్కడ అవి కాయలతో ఉన్నాయి. ఒక్కో చోట రెండేసి కాయలు, నిజంగానే కుందేలు చెవులు నిక్కినట్టు. ఎండిన కాయను చెంగల్రాయుడు బొటనవేలితో చీల్చాడు. లోపలి నుంచి పట్టు పోగుల కుచ్చులు కట్టుకున్న గింజలు లేచి గాల్లో తేలుతూ పోయాయి.

"ఇది జిల్లేడు కాయలో దూది మాదిరే ఉందే" అన్నాను.

"మాదిరేందబ్బా, దాని సుట్టమే. కాయలు సూస్తే తెలీదా?"

ఫోటో తీసి పంపితే లహరి అవునంది. కుందేటి కొమ్ములదీ జిల్లేడుదీ ఒకే కుటుంబమట. దీని చుట్టాలు అరేబియాలో, ఆఫ్రికాలో కూడా ఉన్నాయట. మనిషి మోసుకుపోలేదు. ఈ కుచ్చులే గాలి పట్టుకుని, ఎండ ఉన్న దారి వెంట, లెక్కకందని తరాల పాటు పాకిపోయాయి. అంటే ఇంటిపేరు ఒకటైనవన్నీ దాయాదులు కావు, పేరు కలవని జిల్లేడు సొంత చుట్టం. నా పెళ్లిళ్ల పేరయ్య తెలివి రెండు వైపులా తప్పింది.

లహరి ఇంకా లైన్లోనే ఉంది. ఒంటె ఒళ్లు దులుపుకుందని చెప్పిన చోటే నిలబడి ఉన్నాను.

"అమ్మీ, ఒంటె లేదు. నేనే పుట్టించినా. నువ్వు అన్నం కలుపుకుంటా నా మొహంలోకి చూస్తావు చూడు, ఏదో ఒకటి చెప్పకుండా ఉండలేకపోయినా."

ఒక మేక నా సంచిలో తల పెట్టి టవలు నమలడం మొదలుపెట్టింది.

"నాగజెముడు దొరికిందా?" అంది చివరికి.

"దొరకలే. దొరికించుకుంటా."

"సరే. దొరికితే ఫోటో పంపు."

వడమాలపేట

శనివారం ఇక్కడ పోయింది. హోటల్లో మూడు ఇడ్లీ ముప్పై రూపాయలు, వేరుశనగ చట్నీ అడిగినంత. పక్క బల్ల మీద ఒకాయన రెండు కిలోమీటర్ల అవతల రైలుకట్ట పక్కన నాగజెముడు ఉందని ప్రమాణం చేసి చెప్పాడు. ఎండలో నడిచి వెళ్లాను. అక్కడున్నది కిత్తనార, కత్తుల్లాంటి ఆకుల మధ్య నుంచి కరెంటు స్తంభమంత పూతకాడ. తిరిగి వచ్చి హోటలామెతో చెబితే, "పూత వచ్చిందా? పాపం, ఇంక చచ్చిపోతాది. దాని బతుక్కంతా ఒకటే పూత" అంది. అది సముద్రం అవతలి నుంచి వచ్చిన మొక్కని లహరి తర్వాత చెప్పింది. ఆ ఒకాయన కోసం చూశాను. వెళ్లిపోయాడు. నాలాంటివాడు ఇంకొకడు ఈ దారిలో తిరుగుతున్నాడని తెలియడం నాకు ఏమాత్రం సంతోషం కలిగించలేదు.

అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఇల్లు గంటన్నర దూరమే. అయినా ఇంటి వైపు పోయే బస్సు ఎక్కలేదు.

నగరి

ఆదివారం నాలుగింటి దాకా నగరి చుట్టూ తిరిగాను. చివరికి నాకు టవళ్లు నేసిచ్చే ఆయన, "అంత తిరగడమెందుకు సామీ, అద్దకం ఆర్ముగం తాత పెరట్లో ఉండాదే!" అన్నాడు. పదిహేనేళ్లుగా ఆ వీధికి వస్తున్నాను. పెరట్లోకి ఎప్పుడు తొంగి చూశాను గనక?

ఆర్ముగం తాత నూలుకు రంగులద్దే మనిషి. మోచేతుల దాకా ఎప్పటికీ వదలని నీలం. రంగు తొట్ల వెనక గోడకు ఆనుకొని అది ఉంది. అట్టల మీద అట్టలు పేర్చినట్టున్న మట్టలు, ముళ్లు, పైన ఊదారంగు పండ్లు. నాగజెముడు. మట్టను గిల్లాను. పాలు రాలేదు. బంకనీళ్లు. మునెమ్మ గెలిచింది.

సంతోషం పట్టలేక ఒక పండు కోసి కొరికాను.

"అయ్యయ్యో, ఎన్నప్పా ఇది! నేలకేసి రుద్దకుండా తింటారా ఎవరైనా?" అన్నాడు తాత. అప్పటికే కంటికి కనిపించని నూగు ముళ్లు వందలకొద్దీ నా పెదవుల్లో దిగిపోయాయి. తాత నన్ను అరుగు మీద కూర్చోబెట్టి గడ్డం పట్టుకుని అరగంట సేపు ఒక్కోటీ పీకాడు. అబద్ధాలాడే నోటికి ఇంతకంటే మంచి వైద్యం ఎక్కడా జరగదు.

అప్పుడు చూశాను, మట్టల మీద అక్కడక్కడా తెల్లటి దూది ముద్దలు. మునెమ్మ అవ్వ కాలంలో కంచెల్ని తినేసిన బూజు!

"బూజు కాదప్పా, పురుగు. సూడు" అని తాత ఒక ముద్దను తీసి అరచేతిలో పెట్టి బొటనవేలితో నలిపాడు. తెల్ల ముద్ద కింద నుంచి రక్తం లాంటి ఎరుపు చిమ్మింది. ఆ చేతికి ఉన్న నీలం మీద కూడా ఆ ఎరుపు వెలిగింది.

"ఈ రంగు కోసమే ఈ సెట్టును, పురుగును సముద్రం దాటించి ఓడల్లో తెచ్చినారంట. మా తాత సెప్పేవాడు. తర్వాత వేరే రంగులొచ్చినాయి, దీన్ని ఎవరూ అడగలే. సెట్టు మాత్రం ఈడనే సంసారం పెట్టుకుంది. ఇల్లరికం అల్లుడు."

ఒంటె కాదు, ఓడ! నేను అల్లలేకపోయిన కథ నా కళ్ల ముందే ఎర్రగా కారుతోంది. ఫోటో తీద్దామని ఆత్రంగా వంగాను. ఫోన్ జారి రంగు తొట్లో పడింది. తీసేసరికి అది కూడా ఎర్రగానే ఉంది, మాట మాత్రం లేదు.

తాత ఇంట్లో టచ్ ఫోను కోడలితో పాటు పుట్టింటికి పోయింది. మిగిలింది బటన్ల ఫోను. దాంతోనే లహరికి చేశాను. వాచిన పెదవులతో మాట ముద్దగా వస్తోంది.

"నాగజెముడు దొరికింది అమ్మీ. పాలు లేవు, నీళ్లే. ఓడలో వచ్చింది. దాని మీద తెల్ల పురుగుంటుంది, నలిపితే ఎర్ర రంగు..."

"నాయనా. మళ్లా మొదలు పెట్టినావా?"

"నిజం అమ్మీ."

"ఫోటో పంపు."

"ఫోను రంగు తొట్లో పడింది."

చెబుతుంటేనే నాకు తెలిసిపోయింది, నా జీవితంలో చెప్పిన అబద్ధాలన్నిటికంటే ఇదే బలహీనంగా ఉంది.

"బైండింగ్ షాపాయన ఆరింటికి మూసేస్తాడు, రేపు పొద్దున తెరవడు" అంది. "ఇప్పుడు అయిదు. రుజువు లేనిది రాస్తే మేడం ఈసారి మొత్తం కొట్టేస్తారు."

"తాతకు ఫోను ఇస్తా, మాట్లాడతావా?"

"వద్దు" అని పెట్టేసింది.

తాత నా మొహం చూసి, "పొద్దున్నే సల్లగా ఉన్నప్పుడు కోసిస్తా. పురుగు రాలదు. తీసుకపో" అన్నాడు. ఆ రాత్రి వాళ్ల అరుగు మీదే పడుకున్నాను.

తిరుపతి

సోమవారం మొదటి బస్సులో, నాగజెముడు మట్టను మామిడిపండ్ల అట్టపెట్టెలో పెట్టి ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. పక్కనున్నాయన మోచెయ్యి పెట్టెకు తగిలి, "అబ్బా!" అని లేచి పుత్తూరు దాకా నిలబడే వచ్చాడు. ఏముంది అందులో అని అడిగాడు. "నాగజెముడు" అన్నాను. నమ్మలేదు.

కాలేజీ ల్యాబు గుమ్మంలో లహరి నిలబడి ఉంది. నా పెదవులు చూసి, పెట్టె అందుకుని లోపలికి పోయింది. మేడం నన్ను కూడా రమ్మన్నారు.

"ఒంటె మీదేనాండీ?"

అమ్మాయిలంతా నవ్వారు. "నాదే మేడం. కట్టేసినాను, ఇంక రాదు" అన్నాను.

లహరి మొదలుపెట్టింది. శుక్రవారం చంద్రగిరి నుంచి వస్తూ నేను దాని హాస్టల్ వాచ్‌మన్ దగ్గర ఇచ్చిన కొమ్మలన్నీ బల్ల మీద వరుసగా పెట్టింది. బొంతజెముడు గిల్లింది, పాలు. కాడజెముడు గిల్లింది, పాలు. నాగజెముడు గిల్లింది, నీళ్లు. కుందేటి కొమ్ముల కాయ పక్కన జిల్లేడు కాయ చీల్చి, రెండు కుచ్చులూ ఊదింది. "ఎండకు అందరూ తలమీద టవలు వేసుకుంటారు మేడం. అంతమాత్రాన అందరూ ఒక తల్లి బిడ్డలు కారు" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తర్వాత మట్ట మీది తెల్ల ముద్ద మీద వేలు పెట్టి ఆగింది. నా వైపు చూసింది. అన్నం కలుపుకుంటూ చూసే చూపే అది. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. నలిపింది. దాని వేలంతా ఎరుపు.

మేడం కుర్చీలోంచి లేచి వచ్చి తన అరచెయ్యి చాపారు. "ఇంకొకటి నలుపు, ఇక్కడ."

ఆ గోలలో ప్రాజెక్టు పుస్తకం బల్ల అంచున ఉంటే తీసి తిరగేశాను. చివరి పేజీలో ఏ సంగతి ఎవరు చెప్పారన్నది వరుసగా ఉంది. పచ్చడి పులుపు, మునెమ్మ, ఐరాల. జంట కాయలు, చెంగల్రాయుడు, చంద్రగిరి. అన్నిటి కింద ఒక వరుస.

'నాగజెముడు ఓడలో వచ్చింది. దాని మీది తెల్ల పురుగును నలిపితే ఎర్ర రంగు వస్తుంది. చెప్పినవారు: మా నాయన.'

చేత్తో రాసింది కాదు, అచ్చులో ఉంది. పుస్తకానికి బైండింగు అయి ఉంది. ఆ షాపు మూసింది ఆదివారం ఆరింటికి. నేను పెట్టెతో బస్సు దిగింది సోమవారం పొద్దున.